రిచీ వీధిలో ఎడమ తీగ

చెన్నై చూడవచ్చే బంధువులు ఏయే చోట్లు అడుగుతారో మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. ఉదయం మైలాపూరు కపాలీశ్వరుడు, ట్రిప్లికేను పార్థసారథి స్వామి, మధ్యాహ్నం టి.నగర్ చీరల దుకాణాలు, సాయంత్రం మెరీనా ఇసుకలో కూర్చుని వేడివేడి సుండల్. ఒకరోజు మిగిలితే మహాబలిపురం. ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా "రిచీ వీధి చూపించండి" అని అడగలేదు. అడగరు కూడా. అక్కడ గుడి లేదు, గోపురం లేదు, నీడకు చెట్టు కూడా లేదు. అయినా "మా ఊళ్ళో ఒక చోటు" గురించి వ్రాయమని మన సంఘం వారు అడిగినప్పుడు నాకు మొదట తోచింది ఆ వీధే. అది మన ఇళ్ళలో అక్కరకు వచ్చే వీధి. పనికిరాదని పారవేయబోయే వస్తువుకు మళ్ళీ ప్రాణం పోసే వీధి.

ఎలా వెళ్ళాలి

సెంట్రల్ స్టేషను వైపు నుంచి మౌంటు రోడ్డులోకి వస్తూ కూవం నది వంతెన దాటితే, కుడిచేతి వైపు చింతాద్రిపేట, దానికీ మౌంటు రోడ్డుకీ మధ్య ఈ సందులు. మౌంటు రోడ్డు అణ్ణా సాలై అయి ఎన్నో ఏళ్ళయినా మన పెద్దవాళ్ళ నోట ఇంకా మౌంటు రోడ్డే. 2019 ఫిబ్రవరిలో మెట్రో రైలు ఇటు వచ్చింది. గవర్నమెంటు ఎస్టేటు స్టేషనులో దిగి కొద్ది నిమిషాలు నడిస్తే చాలు. ఎత్తు మీద నడిచే ఎం.ఆర్.టి.ఎస్. రైలులో వచ్చేవారికి చింతాద్రిపేట స్టేషను దగ్గర. కారులో మాత్రం వెళ్ళకండి. స్కూటరు నిలపడానికే చోటు దొరకదు. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి.

రిచీ వీధి అంటే నిజానికి ఒక్క వీధి కాదు. నరసింగపురం వీధి, మీరాన్ సాహిబ్ వీధి, వాలర్స్ రోడ్డు అన్నీ కలిపి జనం రిచీ వీధి అనే అంటారు. కంప్యూటర్లు, సి.సి. టి.వి. కెమెరాలు, సెల్ ఫోన్ అద్దాలు, బ్యాటరీలు, ఎల్.ఇ.డి. దీపాలు, మైకులు, యాంప్లిఫయర్లు అన్నీ అక్కడ దొరుకుతాయి. కిలోల లెక్కన వైరు, గుప్పెళ్ళ లెక్కన స్క్రూలు. కాలేజీలో నా తోటి విద్యార్థులు కొందరు 1980ల చివర ఇక్కడే ట్రాన్సిస్టర్లు, కాయిల్సు కొని తెచ్చుకొని హాస్టలు గదిలో రేడియోలు కట్టేవారు. నాది కామర్సు కనుక నేను వెంట వెళ్ళి లెక్క చూసిపెట్టేవాణ్ణి. అప్పటి క్యాసెట్ రికార్డర్ల దుకాణాలు ఇప్పుడు లేవు. ఆ మెట్ల కింద, ఆ సందుల మలుపుల్లో సోల్డరింగు కర్ర పట్టుకొని కూర్చునే మనిషి మాత్రం ఇంకా ఉన్నాడు.

మగ్గాల పేట, రేడియో ఊరు

ఈ వీధిని ఆనుకొని ఉన్న చింతాద్రిపేట పేరులోనే ఒక సంగతి ఉంది. తమిళంలో తరి అంటే మగ్గం. చిన్న తరి పేట్టై అన్నదే చింతాద్రిపేట అయిందంటారు. 1734లో గవర్నరు మోర్టన్ పిట్ కాలంలో ఈస్టిండియా కంపెనీ తన బట్టల వ్యాపారం కోసం నేతగాళ్ళను ఒకచోట కూర్చి ఈ పేట కట్టించింది. ఆ స్థలం అంతకు ముందు కంపెనీకి ప్రధాన వర్తకుడుగా ఉండిన సుంకురామ శెట్టి తోట. వడికేవాళ్ళు, నేసేవాళ్ళు, అద్దకంవాళ్ళు, చలవ చేసేవాళ్ళు, అందరికీ ఇళ్ళు. వాళ్ళు కొలిచేందుకు ఆదికేశవ పెరుమాళ్ళకూ ఆదిపురీశ్వరుడికీ పక్కపక్కన రెండు గుళ్ళు. రిచీ వీధిలో పని చూసుకొని అయిదు నిమిషాలు అటు నడిస్తే దర్శనమూ అవుతుంది.

ఇక ఈ ఊరికీ చెవికి తగిలించుకునే హెడ్‌ఫోనుకీ ఉన్న సంబంధం నూరేళ్ళది. 1924 మే 16న సి.వి. కృష్ణస్వామి చెట్టి ప్రభృతులు మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు స్థాపించి, ఆ జులై 31న ప్రసారాలు మొదలుపెట్టారు. డబ్బు చాలక 1927లో క్లబ్బు ఆగిపోయింది. తన ట్రాన్స్‌మిటరును మద్రాసు కార్పొరేషనుకు ఇచ్చింది. కార్పొరేషను 1930 ఏప్రిల్ 1 నుంచి ప్రసారాలు నడిపింది. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం వచ్చింది. ఆ తొలిరోజుల్లో రేడియో అంటే చాలామందికి క్రిస్టల్ సెట్టు. దానికి బ్యాటరీ అక్కరలేదు. గాలిలో వచ్చే తరంగం శక్తితోనే అది పలుకుతుంది. అంత కొద్ది శక్తికి స్పీకరు మోగదు కనుక హెడ్‌ఫోను పెట్టుకొనే వినాలి. అంటే ఆ రోజుల్లో తీగ తెగితే రేడియో మూగపోయినట్టే.

ఆ నాటి హెడ్‌ఫోను తీగను టిన్సెల్ వైరు అనేవారు. దారం చుట్టూ సన్నని రాగి రేకును చుడతారు. అలాంటి పోగులు కొన్నింటిని కలిపి పైన నూలు అల్లిక వేస్తారు. ఇది చదివి మన ఆడవాళ్ళు "ఇదేం కొత్త, జరీ కదా!" అంటారు. నిజమే. వెండి తీగను చదును చేసి పట్టుదారం చుట్టూ చుట్టి బంగారు పూత పూస్తే జరీ. వెండి బదులు రాగి, పట్టు బదులు నూలు పెడితే హెడ్‌ఫోను తీగ. రెండింటికీ కారణం ఒక్కటే. ఒట్టి లోహపు తీగ పదేపదే వంగితే విరుగుతుంది. దారం లోపల ఉంటే లాగుడును దారం భరిస్తుంది, లోహం తన పని తాను చేసుకుంటుంది. ఈనాటి హెడ్‌సెట్ తీగను కోసి చూసినా వెంట్రుకకన్నా సన్నని రాగి పోగుల మధ్య తెల్లని దారపు పోగులు కనిపిస్తాయి.

మా ఇంటి అవసరం

మా అమ్మకు ఎనభై మూడేళ్ళు. పుట్టిల్లు ఒడిశాలోని బరంపురం, మెట్టినిల్లు మద్రాసు. ఆరుగురు తోబుట్టువుల్లో మిగిలింది తనూ, బరంపురంలోనే ఉన్న మా పిన్నీ. ప్రతిరోజూ సాయంత్రం ఏడింటికి అక్కచెల్లెళ్ళు ఫోనులో మాట్లాడుకోవాలి. ఎవరి ఇంట్లో పెళ్ళయినా, తుపాను వచ్చినా ఆ అరగంట తప్పదు. "ఏటే అక్కా, ఏటి తిన్నావు?" అని పిన్ని మొదలుపెడితే, మద్రాసు తెలుగులోకి, సగం తమిళంలోకి వెళ్ళిపోయిన మా అమ్మ మాట ఒక్కసారిగా గంజాం జిల్లాకు తిరిగి వెళ్ళిపోతుంది. మా పిల్లలకు ఆ యాస తెలిసింది ఆ అరగంట వల్లనే.

అమ్మకు కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవి బాగానే ఉంది. చేయి వణుకుతుంది కనుక ఫోను పట్టుకోలేదు. స్పీకరులో పెడితే మాట స్పష్టంగా అందదు. బ్లూటూతువి రెండు రకాలు తెచ్చాం. చార్జింగు ఒక బాధ, చెవిలోంచి జారడం ఒక బాధ. చివరికి నాన్నగారి హెడ్‌సెట్టే గతి అయింది. 2013లో ఆయన పాటలు వినడానికి కొనుక్కున్నది, చెవి మొత్తాన్ని మూసే మెత్తని గిన్నెలున్నది, తీగకే చిన్న మైకు ఉన్నది. ఆయన 2019లో పోయాక అది అమ్మ చెవికి వచ్చింది.

2024 జులై నెలాఖరున ఎడమ గిన్నె మాట్లాడడం మానేసింది. మా పేటలో ఒక దుకాణంలో చూపిస్తే అబ్బాయి కుడివైపు చెవికి ఆనించుకొని "బాగానే ఉంది సార్" అన్నాడు. లోకానికి అది బాగానే ఉన్న హెడ్‌సెట్టు. అమ్మకు మాత్రం లేని హెడ్‌సెట్టు. గిన్నెలు అటూ ఇటూ మార్చి తగిలిస్తే, కుడివైపు శబ్దం ఎడమ చెవికి వచ్చి ఒక వారం నడిచింది. తరువాత అదీ గరగరలాడింది. ఆపైన మైకు కూడా ఉండీ ఉడిగీ అయింది. అమ్మ అడిగినదానికి ఒకటి చెప్పి, వినపడక విసుగు పుట్టి ఫోను పెట్టేసేది. నాలుగు రోజులకు పిన్ని నాకు ఫోను చేసింది. "ఒరేయ్ బాబూ, అక్కకి నా మీద కోపమొచ్చిందేటిరా? ఏటడిగినా జవాబు చెప్పదు, పెట్టేస్తంది" అని గొంతు తడిసింది. తీగ సంగతి చెప్పాను. నమ్మినట్టు లేదు. ఎనభై దగ్గరపడిన మనిషికి, అందులోనూ చెల్లెలికి, తీగ తెగిందన్న మాట సాకుగానే వినిపిస్తుంది.

బ్యాంకులకు రెండో శనివారం సెలవు. 2015 సెప్టెంబరు నుంచి ఉన్న ఏర్పాటు ఇది. ఆ ఆగస్టు రెండో శనివారం మధ్యాహ్నం నేనూ మా ఆవిడా హెడ్‌సెట్టును చేతిరుమాలులో చుట్టుకొని రిచీ వీధికి వెళ్ళాం. సాయంత్రం ఏడులోగా ఇంటికి చేరాలని అమ్మ షరతు.

మెట్ల కింద బల్ల

మొదటి రెండు దుకాణాల్లో "దీన్ని ఎవరు చేస్తారు సార్, కొత్తది తీసుకోండి" అన్నారు. మూడోవాడు వేలెత్తి ఒక పాత భవనం మెట్ల కిందికి చూపించాడు. నాలుగడుగుల బల్ల, భూతద్దం దీపం, డబ్బాల్లో ప్లగ్గులు, అరవై దాటిన మనిషి. మేమిద్దరం మాట్లాడుకుంటున్నది విని ఆయనే తెలుగులో పలకరించాడు. "మా ఇంట్లోనూ తెలుగే సార్. గుడియాత్తం పక్క. చదివేది రాదు, మాట్లాడేది వస్తాది." కూర్చోవడానికి ఒక స్టూలు మా ఆవిడ వైపు జరిపాడు.

ముందు ఆయన చేసింది వినడం. పాట పెట్టి తీగను ప్లగ్గు దగ్గర, మైకు దగ్గర, తీగ రెండుగా చీలేచోట, గిన్నెలోకి దూరేచోట వరుసగా వేళ్ళతో మెల్లగా వంచాడు. హెడ్‌సెట్టు తీగ నడుమ తెగడం తక్కువట. గట్టి భాగం ముగిసి మెత్తని భాగం మొదలయ్యే ఈ నాలుగుచోట్లే వంపు అంతా పడుతుంది. ప్లగ్గు దగ్గర వంచగానే ఎడమవైపు ఒక్క క్షణం పలికి పోయింది. "రోగం ఇక్కడ" అన్నాడు. కుడి గిన్నె, మైకు కూడా తరువాత పోవడానికి కారణం అదే. అన్ని పోగులూ ఆ ఒక్క మెడలోంచే వెళ్ళాలి. ఒకటి తెగితే మిగిలినవాటి మీద బరువు పడుతుంది.

తరువాత మల్టీమీటరు తీశాడు. ప్లగ్గు మీద నల్ల గీతలు లెక్కపెట్టమని మా ఆవిడతో అన్నాడు. మూడు ఉన్నాయి. మూడు గీతలుంటే నాలుగు భాగాలు, అంటే మైకు ఉన్నది. రెండే ఉంటే మైకు లేనిది. కొన ఎడమ చెవికి, దాని వెనుక ఉంగరం కుడి చెవికి. తరువాతి రెండింటిలో ఒకటి ఉమ్మడి తీగ, ఒకటి మైకు. ఈ చివరి రెండూ అన్ని కంపెనీల్లో ఒకే వరుసలో ఉండవు. ఇప్పటి ఫోన్లలో మూడోది ఉమ్మడి, చివరిది మైకు. పాత ఫోన్లు కొన్నింటిలో తిరగేసి ఉండేది. వరుస తప్పిన హెడ్‌సెట్టు తగిలిస్తే పాటలో వాద్యాలు వినిపించి గాయకుడి గొంతు మాత్రం నూతిలోకి పోయినట్టు మాయమవుతుంది. రెండు చెవులకూ సమానంగా వచ్చే శబ్దం ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం వల్ల అలా అవుతుంది. మీ ఇంట్లో అలాంటిది ఉంటే చెడిపోయిందని పారవేయకండి. ప్లగ్గు మారిస్తే సరిపోతుంది.

గిన్నెల్లోని స్పీకర్లు బాగున్నాయని మీటరు చెప్పింది. ఎడమ 32 ఓమ్‌ల దగ్గర, కుడి 32 ఓమ్‌ల దగ్గర. తెగిన తీగ అయితే మీటరు ఏ అంకే చూపదు. "ప్రాణం ఉంది సార్, నరమే పోయింది" అన్నాడాయన.

ఖర్చా, పెట్టుబడా

అప్పుడు ఆయన రెండు దారులు చెప్పాడు. ఒకటి, ప్లగ్గు మెడ కోసేసి కొత్త ప్లగ్గు వేయడం. రూ. 140. రెండు, మైకుతో సహా తీగ మొత్తం మార్చడం. రూ. 330. అదే వీధిలో అలాంటి గిన్నెలున్న కొత్త హెడ్‌సెట్టు రూ. 1,200 చెప్పారు.

కామర్సు చదివి, ముప్పై ఏళ్ళు అప్పుల కాగితాలు చూసినవాడికి ఇక్కడ లెక్క తప్పదు. యంత్రానికి నూనె వేస్తే అది రెవెన్యూ ఖర్చు. ఆ ఏడాదితో సరి. యంత్రం ఆయుష్షు పెంచే పని చేస్తే అది పెట్టుబడి. తీగ పైతొడుగు పదకొండేళ్ళ చెమటకూ తలనూనెకూ బిరుసెక్కి, పట్టుకుంటే జిగురుగా ఉంది. ఈరోజు ప్లగ్గు వేస్తే ఆరు నెలల్లో చీలే చోట తెగుతుంది. అప్పుడు మళ్ళీ నాలుగు రోజులు పిన్ని గొంతు తడవడం, మళ్ళీ రాకపోకల ఖర్చు. స్పీకర్లు బాగున్నాయి, గిన్నెల మెత్తలు బాగున్నాయి, తలకు అలవాటైన బరువు. కనుక తీగ మొత్తం మార్చమన్నాను. కొత్తది రూ. 600కే వచ్చి ఉంటే? అప్పుడు కూడా నేను ఇదే చేసేవాణ్ణి. నాన్నగారి వస్తువుకు మా ఇంటి పుస్తకాల్లో తరుగుదల వేయము.

ఆయన పని చేసిన తీరు వ్రాస్తాను. ఓపిక ఉన్న కుర్రాళ్ళు ఇంట్లో నేర్చుకోవచ్చు. గిన్నె మెత్తను వేళ్ళతో తొలగించి, కింది స్క్రూలు విప్పాడు. లోపల స్పీకరుకు రెండు తీగలు అతికి ఉన్నాయి. విప్పే ముందు నా ఫోనుతో ఫోటో తీయించాడు. ఏ రంగు ఎటు ఉందో అదే సాక్ష్యం. ఒకవైపు స్పీకరుకు తీగలు తిరగేసి అతికితే రెండూ పలుకుతాయి గాని, శబ్దం పల్చబడి గంభీరత పోతుంది.

కొత్త తీగ కొనను గిన్నె రంధ్రంలో దూర్చి, లోపల చిన్న ముడి వేశాడు. లాగితే ఆ ముడి రంధ్రం దగ్గర ఆగుతుంది, అతుకు మీద బలం పడదు. ఆ తరువాత అసలు పని. ఈ రాగి పోగులకు రంగు రంగుల పూత ఉంటుంది. సాధారణంగా కుడికి ఎరుపు, ఎడమకు ఆకుపచ్చ లేదా నీలం, ఉమ్మడికి రాగి రంగు. ఆ పూత అందానికి కాదు, ఒకదానికొకటి తగలకుండా వేసిన మిద్దె. అది పోనిదే అతుకు పడదు. కొందరు అగ్గిపుల్లతో కాలుస్తారు. దానివల్ల సన్నని రాగి నల్లబడి పెళుసవుతుందని ఆయన ఒప్పుకోడు. సోల్డరింగు కర్ర కొన మీద సీసపు బొట్టు నిలిపి, పోగు కొనను కాస్త గుగ్గిలపు పేస్టులో ముంచి, ఆ బొట్టులో కొన్ని క్షణాలు ఉంచాడు. సన్నని పొగ వచ్చి పూత కాలిపోయి కొన వెండిలా మెరిసింది. "మెరిస్తేనే పట్టుకుంటాది" అన్నాడు. ఆ పొగ పీల్చకూడదని చిన్న ఫ్యాను పక్కకు తిప్పాడు. ఇంట్లో చేసేవారు కిటికీ తెరిచి చేయండి, పని అయ్యాక చేతులు కడుక్కోండి. ఈ అతుకుల్లో వాడేదానిలో తగరంతో పాటు సీసం ఉంటుంది.

ఆయన చూపిన ఇంకో ముఖ్యమైన సంగతి. విడి ప్లగ్గు వేసేవారు ప్లగ్గు తొడుగునూ, వేడికి కుంచించుకునే గొట్టాన్నీ అతకడానికి ముందే తీగలోకి ఎక్కించాలి. అతికాక ఎక్కదు. ఆయన దగ్గరికి వచ్చే ఇంజినీరింగు పిల్లల్లో చాలామంది అతుకు బాగా వేసి, తొడుగు బల్లమీద మరచిపోయి మళ్ళీ మొదటికి వస్తారట. మాకు వేసిన తీగకు ఎల్ ఆకారంలో వంగిన ప్లగ్గు ఎంచాడు. ఫోను బల్లమీద పడుకోబెట్టి మాట్లాడేవాళ్ళకు, మంచం మీద వాడేవాళ్ళకు నేరు ప్లగ్గుకన్నా ఇదే మన్నుతుంది.

నేను ఇంకొకటి అడిగాను. అమ్మకు ఒక చెవే కదా, రెండు వైపుల తీగలూ కలిపేస్తే ఏది తెగినా ఒకటి పలుకుతుంది కదా అని. ఆయన తల అడ్డంగా ఊపాడు. అలా నేరుగా కలిపితే ఫోనులోని యాంప్లిఫయరు మీద భారం పడుతుంది. దానికి బదులు ఫోను సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ అన్నచోట మోనో ఆడియో అని ఒకటి ఉంటుంది. అది నొక్కితే రెండు వైపుల శబ్దమూ రెండు చెవులకూ వస్తుంది. పాత సినిమా పాటల స్టీరియో రికార్డుల్లో కొన్నిసార్లు గొంతు ఒక పక్కకే వస్తుంది. ఒక చెవి వినపడని పెద్దలు మీ ఇంట్లో ఉంటే ఈ ఒక్క మార్పు ఈరోజే చేయండి. పైసా ఖర్చు లేదు.

మొత్తం పని యాభై నిమిషాలు. మధ్యలో టీ తెప్పించి మాకూ ఇచ్చాడు. చివర మా ఆవిడ చెవికి తగిలించి, "ఎడమ చెప్పండమ్మా, కుడి చెప్పండమ్మా" అని ఒక్కొక్కటి పలికించాడు. మైకులో మాట్లాడించి రికార్డు చేసి వినిపించాడు. రూ. 330 తీసుకొని, రూ. 20 చిల్లర వెనక్కి ఇచ్చాడు. పాత తీగ కావాలా అని అడిగి, వద్దంటే ఒక సంచిలో వేశాడు. ఆ సంచి నిండితే రాగి కొనేవాడు వస్తాడు. మన ఇళ్ళలో తెగిన తీగలు చెత్తబుట్టలో వేయడం తగదు. పాత ఎలక్ట్రానిక్ సామాను చెత్తకు ప్రభుత్వం 2022లో చేసిన నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. అధికారికంగా సేకరించే కేంద్రాలకు ఇవ్వడం మంచిది.

ఏడు గంటలకు

ఆరున్నరకు ఇంటికి చేరాం. ఏడింటికి ఫోను మోగింది. అమ్మ "ఏటే" అంది. అటునుంచి కాసేపు చప్పుడు లేదు. తరువాత పిన్ని ఏమందో మాకు వినపడలేదు. హెడ్‌సెట్టులో ఉన్న సుఖమూ కష్టమూ అదే. అమ్మ మాత్రం "కోపమేటి, తీగ తెగిపోయినాదే! మీ బావగారి తీగ!" అని గట్టిగా నవ్వింది. ఆ రోజు అరగంట కాస్తా గంటన్నర అయింది. భోజనాలు తొమ్మిదికి.

ఇంటికో మాట

హెడ్‌సెట్టు తీసేటప్పుడు ప్లగ్గును పట్టుకొని లాగండి, తీగను పట్టుకొని కాదు. ఫోను చుట్టూ బిగించి చుట్టకండి. అరచెయ్యి వెడల్పున వదులుగా చుట్టి పెట్టండి. కొత్తది కొనేటప్పుడు తీగ విడిగా ఊడివచ్చే రకం దొరికితే నాలుగు డబ్బులు ఎక్కువైనా అదే కొనండి. తెగితే తీగ ఒక్కటే కొని తగిలించుకోవచ్చు. 2016 నుంచి కొన్ని ఫోన్లలో గుండ్రని రంధ్రమే లేకుండా వస్తున్నాయి. అలాంటి ఫోనుకు సరిపడే చిన్న అడాప్టరు దొరుకుతుంది, పాత హెడ్‌సెట్టును దానితో వాడుకోవచ్చు.

ఇలాంటి వీధి చెన్నైలోనే ఉందని కాదు. బెంగుళూరులో ఎస్.పి. రోడ్డు ఉంది, ముంబయిలో లామింగ్టన్ రోడ్డు ఉంది. మిగిలిన ఊళ్ళలో బజారు వెనుక ఒక సందు, ఆ సందులో ఒక బల్ల తప్పక ఉంటాయి. కొత్తది కొనడం ఇంట్లో కూర్చుని వేలు నొక్కినంత సులువు అయ్యాక ఆ బల్లల దగ్గరికి వెళ్ళేవాళ్ళు తగ్గుతున్నారు. మా మెట్ల కింది ఆయన కొడుకు ఈ పనిలోకి రాలేదు, కారు షోరూములో ఉద్యోగం చేస్తున్నాడు. మీ ఊళ్ళో అలాంటి బల్ల ఏ సందులో ఉందో, ఏ రోజు సెలవో, ఏ బస్సు ఎక్కాలో మన పత్రికకు ఒక కార్డు వ్రాయండి. మన పెద్దవాళ్ళ ఇళ్ళలో అక్కరకు వస్తుంది.